జ్ఞాపకాల్లో మన వాటా ఎంత?

ఈ మధ్య ఏ చానల్ పెట్టినా, ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా పాత రోజుల ముచ్చట్లే. ‘ఆ దినాలే వేరప్పా’ అని ఒకరు మొదలుపెడితే పదిమంది తలలూపుతున్నారు. నేల టికెట్లు, గ్రామఫోను రికార్డులు, రేడియో నాటకాలు, చందమామ కథలు, దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి... అన్నీ తీపి గుర్తులే. చదవడానికి బాగుంటాయి, వినడానికి ఇంకా బాగుంటాయి. కాదనడం లేదు. మా అనుమానం ఒక్కటే. ఆ ముచ్చట్లలో ఊరంటే గోదారి గట్టునున్న ఊరే. థియేటరంటే బెజవాడ థియేటరో, ఆర్టీసీ క్రాస్‌రోడ్సు థియేటరో. నాటకమంటే తెనాలి, పల్లెపాటంటే కోనసీమ. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... గుంతకల్లు నుంచి బెంగుళూరు పోయే రైలు పట్టా మీద వరుసగా ఉండే ఈ మూడు ఊళ్లలో మనుషులు ఏం చూశారు, ఏం విన్నారు, దేనికి నవ్వారు, దేనికి ఏడ్చారు? ఆ లెక్క ఎక్కడా కనపడదు.

ఈ పేజీలో వారం వారం నీళ్ల లెక్క రాస్తున్నాం, కొలువుల లెక్క రాస్తున్నాం. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకాలు పెట్టిన పెద్దల్లో హిందూపురం ప్రాంతపు కల్లూరి సుబ్బారావు ఉన్నాడని, ఆ కాగితం ఏమైందని అడగని సభ లేదు. ఆ లెక్కలు మన విద్యార్థులకు నోటికొచ్చు. జ్ఞాపకాల లెక్క అడిగితేనే నోరు మెదపలేకపోతున్నాం. మీ తాతల కాలంలో మీ పక్క వినోదమంటే ఏంది అని బెంగుళూరు కాలేజీలోనో, హైదరాబాదు ఆఫీసులోనో ఎవరైనా అడిగితే మన పిల్లలు నోరు తెరిచేలోపే అవతలివాళ్లు ‘సుమోలు, బాంబులా?’ అని నవ్వుతారు. ఆ నవ్వుకు జవాబు రాద్దామని ఈ వారం కూర్చున్నాం.

ధర్మవరం నుంచే మొదలుపెడదాం. ఆ మండలంలో నిమ్మలకుంట అని ఒక ఊరుంది. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఉన్న ఊరు. ఇంట్లో మరాఠీ యాస, ఆటలో అచ్చ తెలుగు. మేక తోలును నానబెట్టి, రోమాలు గీకి, పలచన చేసి, వెలుగు దూరేదాకా ఆరబెట్టి, ఉలితో సన్నసన్న చిల్లులు పొడిచి, రంగులేసి బొమ్మ కడతారు. ఆ చిల్లుల్లోంచి దీపం వెలుగు వస్తేనే సీతమ్మ మెడలో నగలు మెరిసేది. రావణుడి బొమ్మ నిలబెడితే దాదాపు మనిషెత్తు. ఊరి మైదానంలో గుంజలు పాతి, తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టేవాళ్లని పెద్దలు చెబుతారు. తర్వాత పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి, ఆ తర్వాత కరెంటు బల్బు. కాళ్ల కింద చెక్క పెట్టుకొని టకటకా తొక్కితే యుద్ధం, మెల్లగా తొక్కితే గుర్రం నడక. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే పాడేవాళ్లు, కలిసే ఆడించేవాళ్లు. సుందరకాండ, లంకాదహనం, విరాటపర్వం. వాన రాని యేడు ఈ ఆట ఆడిస్తే వాన కురుస్తుందని నమ్మకం. మన పక్క వాన సక్రమంగా వచ్చిన యేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే కాబోలు ఆ ఆట ఇక్కడ అంతకాలం నిలిచింది!

నడుమ నడుమ బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చేవాళ్లు. రాముడు అడవికి పోతుంటే కండ్లు తుడుచుకున్న జనమే ఈ ఇద్దరి మాటలకు పొట్ట పట్టుకొని నవ్వేవాళ్లు. కరణాన్ని, షావుకారును, ఊరి పెద్దను ఎదుట నిలబడి అనలేని మాట జుట్టుపోలిగాడు అనేసేవాడు. బొమ్మ అన్న మాటకు ఎవరి మీద పగబడతారు? ఆ పెద్దమనుషులే ముందు వరసలో కూర్చుని, నవ్వలేక, నవ్వకుండా ఉండలేక ఇబ్బంది పడుతుంటే వెనక వరసకు అది ఇంకో నాటకం. ఆ హాస్యంలో చాలా భాగం ఇక్కడ అచ్చు వేయడానికి వీలుకానంత మొరటుదని కూడా చెప్పాలి. పిల్లలు నిద్రపోయారా లేదా అని తల్లులు చూసుకునేది అప్పుడే. పిల్లలు మాత్రం సరిగ్గా ఆ వేళకే మేలుకునేవాళ్లు.

నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మన తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషం. కానీ ఆ ఊరి చేతులు ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు. లంకను కాల్చిన హనుమంతుడు పట్నంలో ఎవరి డ్రాయింగు రూములోనో బల్బు చుట్టూ నిలబడ్డాడు. కడుపు నింపే పనిని తక్కువ చేసి మాట్లాడం, అది వాళ్ల చేతి నైపుణ్యం, వాళ్ల హక్కు. కానీ రాత్రంతా పాడే ఆ పాట, ఆ వరుసలు, జుట్టుపోలిగాడి ఎకసెక్కాలు ల్యాంప్‌షేడులో ఇమడవు. అవి పాడేవాళ్ల గొంతుల్లోనే ఉన్నాయి. ఆ గొంతులకు వయసు మీద పడింది.

ఇంకో సంగతి. సురభి నాటకాలంటే తెలుగువాళ్లందరికీ మోజు. 1885లో వనారస గోవిందరావు కీచకవధతో ఆ సమాజాన్ని మొదలుపెట్టింది కడప జిల్లాలోని సురభి గ్రామంలో. వాళ్లూ అంతకుముందు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాల వాళ్లే. తెర వెనక బొమ్మను ఆడించిన చెయ్యే తెర ముందుకొచ్చి తానే వేషం కట్టింది. హైదరాబాదులో సురభి సెట్టింగులు చూసి నోరెళ్లబెట్టేవాళ్లలో ఎంతమందికి సురభి అనేది సీమలో ఒక పల్లె పేరని తెలుసు?

నాటకం మాట వచ్చింది కాబట్టి ధర్మవరంలోనే ఇంకాసేపు ఉందాం. ఆంధ్ర నాటక పితామహుడని బిరుదున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు పుట్టింది ఈ ఊళ్లోనే. బళ్లారిలో వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ పెట్టాడు. చిత్రనళీయం ఆడించాడు, విషాద సారంగధర రాశాడు. తెలుగు నాటకం విషాదంగా ముగియడమేంటని శాస్త్రం తెలిసినవాళ్లు ముక్కు మీద వేలేసుకునే కాలమది. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టాడు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడు భాషల్లో వేషం కట్టాడు. ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, అట్లాగే వేయించాడు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశాడు. ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తారు. అది కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు కాబట్టి. ఆ గౌరవం ఆయనకు తగినదే, అందులో పేచీ లేదు. కానీ అదే తేదీ రాఘవ వర్ధంతి కూడా కదా! ఆ రోజు దండలు వేసే వేదికల మీద రెండో ఫొటో ఎన్నిచోట్ల పెడుతున్నారో పాఠకులే గమనించండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఊరు పోయింది సరే, ఊరితోబాటు మనిషిని కూడా పటం మీదినుంచి తుడిచేస్తారా?

పెద్ద పేర్లు పక్కన పెడదాం. పల్లెల్లో నాటకం సంగతి చూడండి. సేద్యం పనులు తగ్గిన వేళ నాటకం వాధ్యారు ఊరికొచ్చి నెలల తరబడి ఉండేవాడు. హార్మోనియం పెట్టె ఒకటి, తబలా ఒకటి. పగలు మడక దున్నినవాడు రాత్రి అర్జునుడు. చదువురాని వాళ్లు కూడా పద్యాలు చెవితో పట్టి కంఠస్థం చేసేవాళ్లు. డ్రెస్సులు బాడుగకు తెచ్చేవాళ్లు, ఆడవేషాలకు పట్నం నుంచి నటీమణులను పిలిపించేవాళ్లు. ఖర్చు చాలావరకు వేషగాళ్లదే. కృష్ణుడి వేషానికి ఎక్కువ చందా, ద్వారపాలకుడికి తక్కువ! పద్యం చివర రాగం తీస్తుంటే వన్స్‌మోర్ అని కేకలు. కిరీటం జారినా రాగం ఆగేది కాదు. తెల్లారి కోడి కూసేదాకా రాయబారం నడిచి, ఆ పొద్దే మళ్లా చేనికి పోయేవాళ్లు. మా తరం చూసింది దీని తోక మాత్రమే. మా నాయనల తరం చూసింది నిండుగా.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట రేడియో ఉండేది. గుంత మగ్గంలో కాళ్లు దిగేసి కూర్చున్న మనిషికి రెండు చేతులకూ పనే, కండ్లకూ పనే. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది, అనంతపురం కేంద్రం 1991లో వచ్చింది. కడప కేంద్రం ఈ పక్క చెవులకు సొంత ఇంటి గొంతు. సీమ యాసలో వార్త కాకపోయినా సీమ యాసలో నాటిక, జానపదం వినపడ్డాయి. అటు తిప్పితే బెంగుళూరు కన్నడ పాటలు, ఇటు తిప్పితే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వినిపించే తెలుగు పాటలు. బుధవారం రాత్రి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా కోసం హిందీ ముక్క రానివాళ్లు కూడా చెవులు రిక్కించేవాళ్లు. నాడె విసిరే లయ, పాట లయ ఒక్కోసారి కలిసిపోయేవని పాత నేతగాళ్లు చెబుతుంటారు.

ఆ రేడియో ఎందుకు ఆగిపోయిందో తెలుసా? టీవీ వచ్చినందుకే అనుకుంటాం. సగమే నిజం. మరమగ్గాలు వచ్చాక ఆ మోతలో రేడియో వినపడదు. పక్క మనిషి మాటే వినపడదు. చేతిమగ్గం బతుకు కుంగిపోయి అప్పులపాలై ధర్మవరంలో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న యేళ్లను మనం చూశాం, రాశాం. మగ్గంతోబాటు మగ్గం పక్కనున్న పాట కూడా పోయిందని మాత్రం ఎవరూ రాయలేదు. పట్టుచీరకు గుర్తింపు ఇచ్చారు, ఆ చీర నేస్తూ విన్న పాటలకు ఎవరిస్తారు?

రైలు పెనుకొండకు వస్తుంది. 1565లో విజయనగరం కూలాక రాజధాని అయిన కొండ ఇది. ఆ కోటను చూస్తూ పెరిగిన ఒక పిల్లవాడు పసితనంలోనే పెనుగొండలక్ష్మి అనే కావ్యం రాశాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తాను చిన్నప్పుడు రాసిన ఆ పుస్తకమే పాఠ్యపుస్తకంగా ఎదురైంది! ఏ దేశంలోనైనా ఇటువంటి కథ జరిగితే ఆ ఊరి రైల్వే స్టేషన్లోనే బోర్డు పెట్టి రాస్తారు. ఇప్పుడు పెనుకొండ అంటే అందరికీ తెలిసింది కియా కార్లు. ఎర్రమంచి దగ్గర ఆ ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రహదారి వెంబడి కొరియా అక్షరాల బోర్డులు, కొరియా భోజనశాలలు వెలిశాయి. రానీండి, మంచిదే. మన పిల్లలు ఇప్పుడు కొరియా పాటలు పాడుతున్నారు, కొరియా సీరియళ్లు చూస్తున్నారు. ఆ చిన్న దేశం తన కథను, తన పాటను కారుతో సమానంగా ప్రపంచానికి అమ్ముకుంటోంది. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని ఆ ఫ్యాక్టరీ బస్సెక్కే మన పిల్లవాడిని అక్కడి కొరియా ఇంజనీరు ‘మీ ఊరి పాట ఒకటి పాడు’ అంటే ఏం పాడతాడు?

ఇక హిందూపురం. సినిమా పిచ్చికి ఈ ఊరు పెట్టింది పేరు. సరిహద్దు ఊరు కాబట్టి పిచ్చి కూడా రెండు భాషల్లో ఉండేది. ఇటు మడకశిర, అగళి, రొళ్ల, అమరాపురం వైపు పోతే ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. వాళ్లకు ఎన్టీఆర్ కృష్ణుడు ఎంతో రాజ్‌కుమార్ అంత. రాజ్‌కుమార్ నటించిన ఒకే ఒక తెలుగు సినిమా 1954 నాటి కాళహస్తి మహాత్యం. కన్నప్ప కథలో ఆయన్ను రెండు భాషల్లోనూ చూసుకున్నారు. 2000లో వీరప్పన్ ఆయన్ను ఎత్తుకుపోయిన మూడున్నర నెలలు బెంగుళూరు పోయిన మన కూలి జనం ఎంత బిక్కుబిక్కుమన్నారో మా వయసు వాళ్లకు గుర్తుంది. భాషల మధ్య గోడలు కట్టే పెద్దమనుషులు హిందూపురం సంతలో ఒక పూట నిలబడితే బాగుపడతారు. చింతపండు బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది.

టూరింగు టాకీసుల్లో నేల మీద ఇసుక పోగు చేసుకొని కూర్చున్న జనం చూసిన మాయాబజార్, పాతాళభైరవి తీసింది ఎవరు? కె.వి.రెడ్డి. కదిరి వెంకటరెడ్డి. 1912లో మన తాడిపత్రిలో పుట్టాడు. మద్రాసు పోయి వాహినిలో చేరి 1943లో భక్త పోతన తీశాడు, 1947లో యోగి వేమన తీశాడు. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లి ఎక్కడుంది? కదిరి పక్కనే. ఆ వాహిని కట్టిన బి.ఎన్.రెడ్డి, విజయా కట్టిన నాగిరెడ్డి కడప జిల్లా అన్నదమ్ములు. 1947లో చందమామ మొదలుపెట్టిందీ నాగిరెడ్డి, చక్రపాణిలే. అంటే తెలుగువాళ్లంతా ఈరోజు కళ్లు చెమర్చి తలచుకునే ఆ ‘స్వర్ణయుగం’ పునాదిలో మన రాళ్లు ఎన్నో ఉన్నాయి. 2010లో మాయాబజారుకు రంగులు వేసి మళ్లీ విడుదల చేసినప్పుడు ఎంత సంబరం! ఆ సంబరంలో తాడిపత్రి పేరు మాకు వినపడలేదు.

ఆ సినిమా కృష్ణుడే ఆ తర్వాత ఓటు అడగడానికి హిందూపురం వచ్చాడు. 1985, 1989, 1994... మూడుసార్లు ఎన్టీఆర్ ఇక్కడి నుంచి గెలిచాడు. 1996 ఉప ఎన్నికలో హరికృష్ణ, 2014, 2019, 2024లో బాలకృష్ణ. తెర మీద చూసినవాణ్ణి అసెంబ్లీకి పంపిన ఊరు మనది. జనాన్ని తప్పుపట్టం. తెర మీదనైనా తమ పక్షాన నిలబడ్డవాణ్ణి నమ్మారు. మరి ఆ తెర మనల్ని ఎట్లా చూపింది?

1997లో ప్రేమించుకుందాం రా వచ్చింది. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి. ఆ తర్వాత నరసింహనాయుడు, ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి... వరసపెట్టి దిగాయి. సుమోలు లేచాయి, బాంబులు పేలాయి, కొడవళ్లు తిరిగాయి. సీమలో ముఠా కక్షలు లేవని మేం అనడం లేదు. ఉన్నాయి, వాటి వల్ల విధవలైన ఆడవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల ఏడుపును మూడు గంటల ఆటగా మార్చి, మళ్లా వాళ్ల కొడుకులకే బ్లాకులో టికెట్లు అమ్మారే, అదీ మా బాధ. ఈ సినిమాలు చూసి విజిలేసింది కూడా మన పిల్లలే. మొదటి ఆటకు కొబ్బరికాయలు కొట్టిందీ మనమే. మనల్ని బూచిగా చూపుతున్న తెరకే హారతి పట్టాం. ఆ హీరోల్లో ఒకరిని మూడుసార్లు ఎన్నుకుని పంపిన చరిత్ర కూడా మనదే. ఇక ఎవరిని అడగాలి?

ఈ వరసలో జయప్రకాశ్‌రెడ్డిని తలచుకోవాలి. కర్నూలు జిల్లా సిరివెళ్ల మనిషి. మన యాసను తెర మీద అంత బలంగా పలికినవాళ్లు అరుదు. 2020 సెప్టెంబరులో గుంటూరులో కన్నుమూశాడు. ఆయన గొంతులో మన మాట వింటుంటే ఒళ్లు పులకరించేది. అదే సమయంలో ఒక చిక్కు. ఆ మాట మాట్లాడేవాడు ప్రతిసారీ విలనే. హీరో మాత్రం సీమలోనే పుట్టినా కృష్ణాజిల్లా మాట్లాడతాడు. ఆ మాట ఇప్పుడిప్పుడే కొంచెం మారుతోంది. 2018లో అరవింద సమేతలో చిట్వేలి పెంచలదాసు సీమ పాట వినిపించాడు. 2021లో పుష్ప వచ్చింది, చిత్తూరు యాస మాట్లాడిన హీరో పాత్రకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. సంతోషించే లోపలే గుర్తొచ్చింది, ఆ యాస మాట్లాడేవాడు ఎర్రచందనం దొంగ! దొంగకైనా హీరో పట్టా ఇచ్చారు కదా అని సర్దుకుందాం.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో ఉద్యోగ మిత్రులకు బాగా తెలుసు. బదిలీ మీద కోస్తాకు పోతే ఇల్లు బాడుగకు ఇచ్చేవాడు ‘ఏ జిల్లా?’ అని అడిగే తీరు వేరు. ‘అనంతపురం సారూ’ అనగానే ముఖంలో వచ్చే మార్పు వేరు. హాస్టల్లో మన పిల్లవాడు మొదటి నెలలోనే ‘యాడికి’ మానేసి ‘ఎక్కడికి’ అంటాడు. ఇంటికి ఫోను చేసి జేజితో మాట్లాడేటప్పుడు మాత్రం గది బయటికి పోతాడు. ఆ పిల్లవాడు దాచుకుంటున్నది యాసనొక్కదాన్నే కాదు, జేజిని కూడా.

పక్కన తెలంగాణను చూడండి. వాళ్ల మాటను తెర మీద రౌడీలకు, హాస్యగాళ్లకు కట్టబెట్టిన కాలం దశాబ్దాలు నడిచింది. 2000ల తొలి నాళ్ల నుంచి ధూంధాం వేదికల మీద ఒగ్గుకథ, డప్పు, బతుకమ్మ పాట ఎక్కాయి. గోసి, గొంగడి వేదికెక్కాయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2017లో ఫిదా, 2023లో బలగం. బలగం సినిమాను ఊరూరా తెరలు కట్టి ఆరుబయట చూసి, చివర పాటకు ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. అచ్చం మన తాతలు తోలుబొమ్మలాట చూసినట్టు! రాష్ట్రం వస్తేనే పాట వస్తుందా, పాట వచ్చినాకే రాష్ట్రం వస్తుందా అని మా శిబిరంలో ఒక రాత్రంతా వాదన జరిగింది. మా మాట ఏమంటే, అక్కడ పాటే ముందు నడిచింది.

ఇంత రాశాం కాబట్టి ఇంకో మాట కూడా దాచకుండా రాయాలి. ఆ పాత దినాలు అందరికీ బంగారు దినాలు కావు. విద్వాన్ విశ్వం పెన్నేటి పాట రాసింది ఈ పెన్న ఒడ్డు బతుకుల ఆకలి మీదే. గంగమ్మ జాతరలో ఉరుములు వాయించే మాల కళాకారులు అమ్మవారిని లేపింది తమ వాద్యంతోనే, కానీ జాతర అయ్యాక వాళ్లు నిలబడిన చోటు ఎక్కడ? నాటకంలో ముందు వరస ఎవరిది, పశువుల కొట్టం పక్కన నిలబడి చూసింది ఎవరు? ఆడవాళ్లలో ఎంతమంది ఆ రాత్రుల్లో ఇల్లు దాటగలిగారు? సురభి, తోలుబొమ్మల కుటుంబాల ఆడవాళ్లు పాడారు, ఆడారు. వాళ్లను చూసి ఊరు మురిసింది, వెనక గుసగుసలాడింది. ఇవి వదిలేసి ఒట్టి తీపి మాత్రం రాస్తే మనమూ ఆదివారం అనుబంధమే అవుతాం. కాబట్టి ఉరుముల కథ ఉరుములు వాయించినవాళ్లే చెప్పాలి, వాళ్ల పేర్లతోనే రావాలి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద పెద్ద విగ్రహాలు కాదు. కడప, అనంతపురం ఆకాశవాణి కేంద్రాల్లో ఉన్న సీమ జానపదం, నాటికల టేపులను పాడవకముందే డిజిటల్ చేసి జనానికి వినిపించాలి. నిమ్మలకుంటలో ఒక్కో కథ మొదటి నుంచి చివరిదాకా, జుట్టుపోలిగాడి మొరటు మాటలతో సహా, రాత్రంతా ఆడించి చిత్రీకరించాలి. ఆ రాత్రికి కళాకారులకు కూలి కాదు, గౌరవమైన పారితోషికం ఇవ్వాలి. ధర్మవరంలో రామకృష్ణమాచార్యుల పేరిట నాటకం ఆడుకోవడానికి పనికొచ్చే ఒక మంచి రంగస్థలం కట్టాలి. ఏప్రిల్ 16న మాత్రం ప్రభుత్వం కోసం ఎదురుచూడొద్దు. మూడు ఊళ్లలోని కాలేజీల్లో విద్యార్థి సంఘాలు ఆ రోజు రెండు ఫొటోలు పెట్టండి, చాలు.

విద్యార్థి మిత్రులకు ఇంకో పని. మీ చేతిలో ఫోనుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు జేజినో, అవ్వనో, తాతనో కూర్చోబెట్టి వాళ్లు విన్న పాట, వేసిన వేషం, చూసిన మొదటి సినిమా అడిగి రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ, పాడినవాళ్ల పేరు వాళ్ల అనుమతితో రాసుకోండి. ఉద్యోగ సోదరుల ఇళ్లల్లో అటకల మీద పాత నాటకాల కరపత్రాలు, టూరింగు టాకీసు పాంప్లెట్లు, పాటల పుస్తకాలు, క్యాసెట్లు ఉంటాయి. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు వాటిని పాత పేపర్లోడికి తూకానికి వేయకండి. మా కార్యాలయానికి తెచ్చివ్వండి. ఫొటో తీసుకొని, ఎవరిది వాళ్లకు భద్రంగా తిరిగి ఇస్తాం. వచ్చిన వాటిని వారం వారం ఈ పత్రిక చివరి పేజీలో అచ్చు వేస్తాం. మొదటి కరపత్రం హిందూపురం నుంచి వస్తుందో, ధర్మవరం నుంచి వస్తుందో చూడాలి. పెనుకొండ వాళ్లు ఎట్లాగూ రెండు ఊళ్లకూ మధ్యనే ఉన్నారు.